మీ సొంత మాటల్లో రాయండి (జవాబు 84వ పేజీలో)

పదో తరగతి గైడు ఏదైనా ఒకటి తెరవండి. తెలుగు గైడయితే మరీ మంచిది. నాలుగు పేజీలు తిప్పేలోపు "దీని గురించి మీ అభిప్రాయాన్ని సొంత మాటల్లో రాయండి" అనే ప్రశ్న ఎదురవుతుంది. ప్రశ్న కిందే జవాబు కూడా ఉంటుంది. "నా ఉద్దేశంలో..." అని మొదలై పన్నెండు లైన్లు నడుస్తుంది. ఆ పన్నెండు లైన్లనీ ఇచ్ఛాపురంలో ఒక అమ్మాయి, హిందూపురంలో ఒక అబ్బాయి ఒకే రాత్రి, ఒకే రాగంలో, ముందుకీ వెనక్కీ ఊగుతూ నోటికి ఎక్కించుకుంటారు. పరీక్ష నాడు వేలాదిమంది పిల్లలు తమ తమ సొంత అభిప్రాయాన్ని అక్షరం పొల్లు పోకుండా, కామాలతో సహా ఒకేలా రాసి వస్తారు. అసెంబ్లీలో ఒక తీర్మానానికి దొరకని ఏకాభిప్రాయం పదిహేనేళ్ల పిల్లల దగ్గర ఇంత సులువుగా దొరుకుతుంటే, మన చదువులు బాగాలేవనే వాళ్లని ఏమనాలి?

అనే వాళ్లు అంటూనే ఉంటారు. "మన దగ్గర ఇంకా బట్టీ చదువులే, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని చెప్పే చదువు ఎప్పుడొస్తుందో" అని సదస్సుల్లో నిట్టూరుస్తారు, టీ బ్రేకులో మళ్లీ ఇంకోసారి నిట్టూరుస్తారు. ఇది తెలుగుజాతి మీద వేసిన అభాండం. రాకపోవడమేం, చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మనం దాన్ని గుమ్మంలోంచి వెళ్లగొట్టలేదు. సాదరంగా లోపలికి పిలిచాం, కుర్చీ వేశాం, శాలువా కప్పాం, మెమెంటో చేతికిచ్చాం. ఆ తర్వాత దాన్ని కూడా బట్టీ పట్టేశాం. బట్టీ పనికిరాదని చెప్పిన మహానుభావులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లందరి పేర్లూ, పుట్టిన సంవత్సరాలూ, పుస్తకాల పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాళ్లు మాత్రం మన దగ్గరే ఉన్నారు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. అపెప్ అంటే పాత మాస్టార్లకు గుర్తొస్తుంది. దానికి ఆరు సూత్రాలు. టీచరు తానే కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, కనుక్కుని నేర్చుకోవాలి. ఒంటరిగా, గుంపుగా, తరగతి మొత్తంగా పని చేయాలి. పిల్లకీ పిల్లకీ ఉండే తేడాను పట్టించుకోవాలి. ఊళ్లో దొరికేవాటినే వాడుకోవాలి. ఆఖరిది, పిల్లలు చేసినవాటిని గోడలకు పెట్టి గదిని చూడముచ్చటగా ఉంచాలి. ఇవి కాగితం మీద ఇప్పటికీ వాడిపోని మాటలు.

అయితే ఆరింటిలో అయిదు సూత్రాలు పిల్లల బుర్రల్లో జరిగేవి. తనిఖీకి వచ్చిన అధికారికి బుర్ర కనిపించదు, గోడ కనిపిస్తుంది. అందుకని ఆరో సూత్రం మిగతా అయిదింటినీ మింగేసింది. గది ఈ మూల నుంచి ఆ మూలకు పురికొసలు కట్టి చార్టులు వేలాడదీశారు. కందిగింజలు అతికించిన అట్టలు, అగ్గిపుల్లల గుడిసెలు, ఎండిన ఆకులు లోపలికొచ్చిన అధికారి తలకు తగిలేవి. "ఇవన్నీ పిల్లలే చేశారా?" "పిల్లలేనండి." పిల్లలే చేసినట్టు కనిపించాలని ముందురోజు రాత్రి ఎడమచేత్తో అక్షరాలు వంకరగా రాశానని ఒక రిటైర్డు మాస్టారు చెప్పి, పడీ పడీ నవ్వారు. మరి ఆరు సూత్రాలను టీచర్లు ఎలా నేర్చుకున్నారు? శిక్షణ ఇచ్చేవారు నల్లబల్ల మీద రాశారు, వీరు నోట్సులోకి ఎక్కించుకున్నారు. చేసి నేర్చుకోవడం అన్న పాఠాన్ని మన దగ్గర కూర్చుని విని నేర్చుకున్నారు.

1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో లేచి బడిసంచుల బరువు గురించి మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, సంచీ బరువు కన్నా అర్థంకాని చదువు బరువే పిల్లవాణ్ని ఎక్కువ కుంగదీస్తోందని తేల్చింది. నిజానికి ఆ నివేదిక చాలా చిన్నది, ఒక సాయంత్రం చాలు. కానీ నివేదికను చదివితే మార్కులెలా వస్తాయి? "యశ్‌పాల్ కమిటీ సిఫార్సులు వ్రాయుము" అని బీఎడ్ విద్యార్థులకు వ్యాసరూప ప్రశ్న అయింది. సిఫార్సులు ఎన్నో గుర్తుండటానికి ఒక కొండగుర్తు, వాటి మొదటి అక్షరాలు కలిపి ఒక కోడు. అర్థంకాని బరువు మోయకూడదన్న ముక్కను అర్థం చేసుకోకుండా మోస్తూ తరాలు దాటిపోయాయి.

ఇక చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చూడండి. పిల్లలు కృత్యాల ద్వారా, వెతుక్కుంటూ, కనుక్కుంటూ, భయం లేకుండా నేర్చుకోవాలని అందులో ఉంది. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని బోధించడం ఈ దేశంలో ఎవరి అభిరుచో కాదు, పద్నాలుగేళ్ల దాకా చట్టం. హెల్మెట్ లేకపోతే చలానా రాస్తారు, బట్టీ పట్టించినందుకు చలానా రాసిన ఎస్సైని మాత్రం నేనింతవరకు చూడలేదు. రాయాల్సి వస్తే ముందు వాళ్లబ్బాయి చదివే స్కూలుకే రాయాలి.

ఆ చట్టం వెంబడే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, కొత్త పాఠ్యపుస్తకాలొచ్చాయి. పుస్తకం నిండా "ఇవి చేయండి", "ఆలోచించి చర్చించండి" అన్న రంగుల పెట్టెలు. పుస్తకాలు రాసినవాళ్ల శ్రమను వెక్కిరించలేను. మంచి పుస్తకాలవి. ఆ రంగుల పెట్టెల్ని మనం ఏం చేశామన్నదే నా బాధ. ఫార్మేటివ్ పరీక్షలో నాలుగు భాగాలు పెట్టారు. పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, చివర్న లఘు పరీక్ష. మొదటి మూడింటిలో పిల్లవాడు మాట్లాడాలి, తిరగాలి, అడగాలి, సొంతంగా రాయాలి. ఆ మూడింటికీ మార్కులు ఎక్కడ వేస్తారు? రిజిస్టరులో. ఎప్పుడు వేస్తారు? తనిఖీ బృందం వస్తోందన్న కబురు తెలిసిన రాత్రి. పుస్తక సమీక్షకు మార్కులు పడిన పిల్లవాడు లైబ్రరీ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా చూసి ఉండడు.

ప్రాజెక్టుల సంగతి మాత్రం కాస్త నిలబడి చూడాల్సింది. విద్యార్థి కేంద్రంగా నడిచే బోధనకు మన ఊళ్లలో అసలు కేంద్రం జిరాక్స్ షాపు. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది.

"అన్నా, ఎనిమిదో తరగతి సోషల్ ప్రాజెక్టు ఉందా? గ్రామ పంచాయతీకి వెళ్లి సర్పంచిని ఇంటర్వ్యూ చేసినట్టు."

"ఉందమ్మా. ఏ స్కూలు?"

పేరు చెప్పింది.

"ఆ స్కూల్లో ఫొటోలు కూడా అడుగుతారమ్మా. ఇరవై ఎక్కువవుతుంది. సర్పంచి ఆడమనిషి కావాలా, మగమనిషి కావాలా?"

మర్నాడు ఆ తరగతిలో నలభైమంది నలభై పంచాయతీలను సందర్శించి వచ్చి ఉంటారు. సర్పంచులందరూ మొదటి ప్రశ్నకు ఒకే జవాబు చెప్పి ఉంటారు. ఊరి సమస్య ఏమిటంటే మురుగు కాల్వలు. ఫీజు ఎక్కువున్న స్కూళ్లలో మురుగు కాల్వ ఉండదు, అగ్నిపర్వతం ఉంటుంది. థర్మోకోల్ కొండ, లోపల వంటసోడా, పైనుంచి వెనిగర్. నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి అతికిస్తాడు, అమ్మ రంగులేస్తుంది, పిల్లవాడు పక్క గదిలో అగ్నిపర్వతం గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు బట్టీ పడుతుంటాడు. ఎగ్జిబిషన్ రోజున ముఖ్య అతిథి వచ్చి "లావా ఎర్రగానే ఎందుకుంటుంది బాబూ?" అని అడిగారనుకోండి, పిల్లవాడు మొదటి వాక్యం నుంచి మళ్లీ అందుకుంటాడు. ముఖ్య అతిథి చప్పట్లు కొడతాడు. ఆయనకూ తెలియదు.

ఈ చప్పట్లు కొత్తవి కావు. కన్యాశుల్కంలో వెంకమ్మ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడమని అడిగితే, గిరీశమూ వెంకటేశమూ నోటికొచ్చిన పద్యాలన్నీ మాటల్లా ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ తల్లి ఎంత మురిసిపోయిందో మనకందరికీ తెలుసు. ఆమె మురిపెం అబద్ధం కాదు. ఖర్చు పెట్టింది, శబ్దం వినిపించింది. ఇవాళ కూడా తల్లిదండ్రులకు కావలసింది వినిపించే చదువే. పక్క గదిలోంచి చదువు గోలగా వినిపిస్తుంటే అమ్మకు ధైర్యం. పిల్లవాడు కిటికీలోంచి చూస్తూ పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే గాభరా. వాడు ఆలోచిస్తున్నాడేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. ఫోను చూస్తున్నాడేమో అనుకుంటారు.

ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో కాంతి పాఠం చివర ఒక ప్రశ్న ఉంది. కుంభాకార కటకంలో సగాన్ని నల్ల కాగితంతో కప్పేస్తే ప్రతిబింబం పూర్తిగా వస్తుందా? ప్రయోగం చేసి సరిచూసుకుని, ఏం గమనించారో వివరించమంటుంది. ఎంత అందమైన ప్రశ్నో చూడండి. ఎవరినడిగినా ముందు సగం బొమ్మే వస్తుందంటారు. లెన్సు సగం మూస్తే బొమ్మ సగం పోవాలి కదా. ఇప్పుడు ఒక భూతద్దం తీసుకుని కిటికీకి ఎదురు గోడ దగ్గర పట్టుకోండి. కాస్త ముందుకీ వెనక్కీ జరిపితే గోడ మీద కిటికీ తలకిందులుగా, చువ్వలతో సహా, బయటి వేపచెట్టుతో సహా దిగుతుంది. అద్దంలో సగాన్ని కాగితంతో మూయండి. కిటికీ ఎక్కడా తెగదు. చువ్వలన్నీ ఉంటాయి, చెట్టూ ఉంటుంది, కాకపోతే బొమ్మ కాస్త మసకబారుతుంది. వేపచెట్టులోని ప్రతి ఆకు నుంచీ వచ్చిన వెలుతురు అద్దం అంతటా పడుతోందని, మిగిలిన సగం అద్దం కూడా మొత్తం చెట్టును గీయగలదని ఆ క్షణంలో బుర్రకు తడుతుంది. ఒకసారి తట్టిందా, ఇక జన్మలో పోదు. దీనికయ్యే ఖర్చు ఒక భూతద్దం, ఒక కాగితం ముక్క, పది నిమిషాలు.

గైడులో జవాబు ఇలా ఉంటుంది: అవును, పూర్తి ప్రతిబింబం ఏర్పడును, తీవ్రత తగ్గును, ఈ విషయమును ప్రయోగపూర్వకముగా గమనించితిమి. ఎవరు గమనించితిరి? ఎప్పుడు? ఎక్కడ? భూతద్దాన్ని ఎన్నడూ చేత్తో పట్టుకోని పిల్లవాడు ఫలానా సంగతి కళ్లారా చూశానని రాతపూర్వకంగా సంతకం లేని వాంగ్మూలం ఇస్తున్నాడు. కోర్టులో దీన్ని దొంగసాక్ష్యం అంటారు, బడిలో రెండు మార్కులంటారు. స్మార్ట్‌బోర్డు ఉన్న బడుల్లో దీన్నే వీడియోలో చూపిస్తారు. తెర మీద బొమ్మ సరిగా కనపడాలి కదా, ముందు కిటికీకి కర్టెన్ వేస్తారు.

టీచర్లని తిట్టేస్తే పనయిపోతుందనుకోవద్దు. వాళ్లు టీచర్లు ఎలా అయ్యారో చూస్తే తిట్టు నోట్లోనే ఆగిపోతుంది. కృష్ణా జిల్లా అవనిగడ్డకు ఒకసారి వెళ్లి రండి. టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ అనగానే రాష్ట్రం నలుమూలల నుంచీ ట్రంకుపెట్టెలతో దిగే ఊరది. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీకి 16,347 పోస్టులన్నారు. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం కాచుకున్న వాళ్లు, పెళ్లిళ్లయి పిల్లలున్న వాళ్లు, అత్తగారి దగ్గర పసివాణ్ని వదిలి వచ్చిన వాళ్లు అరుగుల మీదా మెట్ల మీదా కూర్చుని బిట్లు చదువుతారు. అంతకు ముందు అర్హత పరీక్ష టెట్ గట్టెక్కాలి. 150 మార్కుల టెట్‌లో 30 మార్కులు శిశు వికాసం, బోధనాశాస్త్రానివి. అంటే పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడన్న సంగతికి మనం ఇచ్చే విలువ అక్షరాలా ముప్పై మార్కులు.

వాటిలో ఏం అడుగుతారో ఊహించండి. పిల్లవాడు తన జ్ఞానాన్ని తానే నిర్మించుకుంటాడని చెప్పినది ఎవరు? ఎ) పియాజె, బి) పావ్‌లోవ్, సి) స్కిన్నర్, డి) థార్న్‌డైక్. పిల్లవాడు తన జ్ఞానాన్ని తానే నిర్మించుకుంటాడన్న జ్ఞానాన్ని నాలుగు గడుల్లోంచి ఏరుకుని, క్లిక్ చేస్తారు. బ్రూనర్ పేరు వినగానే అన్వేషణాభ్యసనం అని అరిచేలా తర్ఫీదు పొందుతారు. గంట వినగానే నోరూరడం గురించి పావ్‌లోవ్ చెప్పింది కూడా సిలబస్‌లోనే ఉంది.

నాకు వీటన్నిటిలో ఇష్టమైన బిట్టు ఎబ్బింగ్‌హాస్‌ది. ఆ జర్మన్ పెద్దమనిషి అర్థంపర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తానే బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. ఒక్కరోజు గడిచేసరికి దాదాపు 66 శాతం, 31 రోజులకు 79 శాతం చెరిగిపోయింది. అర్థం లేనిదాన్ని బట్టీ పడితే ఏమవుతుందో నూట నలభై ఏళ్ల క్రితమే ఒక మనిషి తన బుర్రనే పణంగా పెట్టి తేల్చి చెప్పాడు. మన అభ్యర్థులు ఆ అంకెల్ని చూస్తారు. 66, 72, 75, 79. వాటికో కోడు పెట్టుకుంటారు. మరుపు లెక్కల్ని మరిచిపోకుండా బట్టీ పడతారు. పరీక్ష అయిన నెలరోజులకు ఆ అంకెలు ఎబ్బింగ్‌హాస్ చెప్పిన వేగంతోనే బుర్రలోంచి దిగిపోతాయి. ఒక శాస్త్రీయ సిద్ధాంతానికి ఇంతమంది ఇంత శ్రద్ధగా రుజువు ఇచ్చిన సందర్భం ఇంకోటి ఉండదు.

ఇంటర్ గురించి ఎక్కువ చెప్పను. చెప్పాల్సిందంతా పేపర్ మొదటి పేజీలో ర్యాంకుల ప్రకటనే చెబుతుంది. 1986లో ఎంసెట్ మొదలైంది, ఇప్పుడు ఈఏపీసెట్. ఇంజనీరింగ్ వైపు 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లు. చదవడానికి ఇరవై, నొక్కడానికి అయిదు పోను మిగిలేవి నలభై రెండు. న్యూటన్‌కు చెట్టు కింద ఆలోచన 1666 ప్రాంతంలో వచ్చిందంటారు, ప్రిన్సిపియా అచ్చయింది 1687లో. మన దగ్గర లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో కూడా అంత టైమివ్వరు. ఈ 42 సెకన్లలో ఆలోచించేవాడు వెనకబడతాడు, చూడగానే గుర్తుపట్టేవాడు ముందుకెళ్తాడు. అందుకని తెల్లవారుజామున లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి, చూడగానే గుర్తుపట్టడం నేర్పుతారు. దీనికి మైక్రో షెడ్యూల్ అని పేరు. పిల్లవాడు బాత్రూముకు వెళ్లే టైము అందులో ఉంటుంది, అర్థం చేసుకునే టైము ఉండదు.

ద్వితీయ భాషగా సంస్కృతం మరో అద్భుతం. తెలుగు తీసుకుంటే రాయాలి, సంస్కృతం తీసుకుంటే మార్కులొస్తాయి. నూటికి 98, 99. చాలా జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చు. ఒక భాషలో 99 తెచ్చుకుని, ఆ భాషలో దాహం వేస్తోందని చెప్పలేని పిల్లలు ఇన్ని వేలమంది ఇంకెక్కడా దొరకరు. ఇంత తేలిగ్గా ఇన్ని మార్కులు కాళిదాసుకు వచ్చేవని నేననుకోను. ఆయన సొంత మాటల్లో రాసేవాడు.

ల్యాబుకు వెళ్దామా? ప్రాక్టికల్స్‌లో ముప్పైకి ముప్పై. రికార్డు సీనియర్లది చూసి ఎక్కించినది. ఓం నియమానికి ముందు నిరోధం విలువ రాసుకుని, దాన్లోంచి వెనక్కి నడిచి ఓల్టేజీ రీడింగులు తయారుచేస్తారు. ఇందులో నిజంగానే కొంత గణితం ఉంది. నాకు తెలిసి రెండేళ్లలో ఆ పిల్లలు సొంతంగా ఆలోచించి చేసే పని అదొక్కటే. సాల్ట్ అనాలిసిస్‌లో లవణం పేరు పరీక్షనాళిక కన్నా ముందు అటెండరు చెబుతాడు. ప్రాక్టికల్స్‌ను వేరే కాలేజీలో చేయించే జంబ్లింగ్ అన్న మాట వినిపిస్తే యాజమాన్యాలు ఎందుకు ఉలిక్కిపడతాయో ఇప్పుడర్థమై ఉంటుంది. వేరే కాలేజీలో అటెండరు కొత్తవాడు.

ఫలితాలొచ్చిన వారంలో ర్యాంకులు ప్రకటించిన అదే పేపర్ లోపలి పేజీల్లో వచ్చే, ప్రాణాలు తీసుకున్న పిల్లల చిన్న వార్తల మీద నేను వెటకారం చేయలేను. వాటికీ మొదటి పేజీ ప్రకటనకూ మధ్య ఎన్ని పేజీల దూరం ఉంటుందో చదువరులు తామే తిప్పి చూసుకోవచ్చు.

ఇంత తంతు ఎందుకు ఇంత గట్టిగా నిలబడిందంటే, ఇందులో తెలివితక్కువవాడు ఒక్కడూ లేడు. మూల్యాంకన శిబిరానికి వెళ్లండి, తెలుస్తుంది. మే నెల ఎండకు ముందే, ఫ్యాన్లు తిరగీ తిరగని హాల్లో, టీచరు ముందు రోజుకు ముప్పయ్యో నలభయ్యో జవాబుపత్రాలు. చేతిలో కీ పేపరు. ఒక్కో పత్రం మీద పెట్టగలిగింది కొద్ది నిమిషాలు. ఆయన కళ్లు కిందగీత గీసిన మాటల కోసం వెతుకుతాయి. గైడు భాష కనబడగానే పెన్ను దానంతటదే టిక్కు పెడుతుంది. ఇంతలో ఒక పిల్ల తన మాటల్లో, తన ఊరి బావినో పొలాన్నో ఉదాహరణగా పెట్టి జవాబు రాసిందనుకోండి. ఆయన ఆగాలి, చదవాలి, ఇది సరైనదా కాదా అని తను ఆలోచించాలి. ఆలోచిస్తే పత్రాలు మిగిలిపోతాయి. మిగిలిపోతే పైవాళ్ల మాట పడాలి. అర మార్కు వేసి తిప్పేస్తాడు. ఈ సంగతి పిల్ల ట్యూషన్ మాస్టారుకు తెలుసు, అందుకే గైడు భాషలో రాయమంటాడు. తండ్రికీ తెలుసు, అందుకే ఆ ట్యూషన్‌కు పంపాడు. యాజమాన్యానికి మొదటి నుంచీ తెలుసు. ఎవరి లెక్క ప్రకారం వాళ్లు సరిగ్గానే ఉన్నారు. అందుకే ఏ కమిటీ వేసిన నివేదికయినా ఈ హాలు గుమ్మం దగ్గరకొచ్చి ఆగిపోతుంది. పరీక్ష పేపరు దిద్దే తీరు మారకుండా బోధన మార్చమనడం మన పెద్దల ప్రియమైన వినోదం. దానికి బడ్జెట్ తక్కువ, ఫొటోలు ఎక్కువ.

ఇక్కడ ఒక పెద్దాయన లేచి, "మన పూర్వీకులు వేదాలు కంఠస్థం చేయలేదా? మన సంప్రదాయమే జ్ఞాపకం" అంటారు. ప్రతి సభలోనూ ఒకాయన ఉంటారు. ఆయనతో నాకు సగం ఒప్పందమే. ఎక్కాలు నోటికి రావాలి. వేమన పద్యాలు నాలుగు నాలుక మీద ఉంటే మనిషికి అందం. తలకెక్కించుకోవడం మీద నాకు పగలేదు, బట్టీని తిట్టేవాళ్లు కొందరు జ్ఞాపకాన్నే నేరంలా చూస్తారు, అదీ తప్పే. కానీ జ్ఞాపకం మాటకొస్తే మన సొంత సంప్రదాయం అవధానం కదా. అష్టావధానంలో ఒకరు ఈ అక్షరం వాడకూడదని అడ్డుపడతారు, ఒకరు పొంతన లేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అసంబద్ధమైన పాదం విసిరి పూరించమంటారు, మధ్యలో ఒకరు గంట కొడుతుంటారు, ఇంకొకరు సంబంధం లేని కబుర్లతో చెవి కొరుకుతారు. చివర్లో అవధాని పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. దాన్ని ధారణ అంటారు. ఆయన అప్పజెప్పేది ఎవరో రాసిచ్చింది కాదు, ఆ పూట, ఆ అడ్డంకుల మధ్య, తాను అల్లుకున్నది. తాను కట్టినది కాబట్టే గుర్తుంది. పియాజె చెప్పాడని క్లిక్ చేసే సంగతిని మనం రవీంద్రభారతిలో టికెట్టు లేకుండా చూస్తూ చప్పట్లు కొడుతున్నాం. అదే అవధానికి ముందురోజు గైడిచ్చి, పృచ్ఛకులు అడిగే ఎనిమిది ఇంపార్టెంట్ ప్రశ్నలు లీక్ చేస్తే మనకు కావలసిన విద్యావిధానం తయారవుతుంది.

చేసి చూపించినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క గది, ఒక్క టీచరు, వేర్వేరు తరగతుల పిల్లలున్న బడులు నడిపారు. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులు. గోడ మీద నిచ్చెన బొమ్మ. పిల్లవాడు తను ఏ మెట్టు మీద ఉన్నాడో తానే చూసుకుని, కావలసిన కార్డు తానే తీసుకుని, కొంత ఒంటరిగా, కొంత పక్కవాడితో, కొంత టీచరుతో చేసుకుంటూ పోతాడు. జ్వరమొచ్చి వారం రాకపోతే వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెడతాడు. ఆ పద్ధతిని చూసి తమిళనాడు వాళ్లు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో పెట్టుకున్నారు, తర్వాత రాష్ట్రమంతా పాకించారు. మదనపల్లె నుంచి చెన్నైకి వెళ్లిన ఆ నిచ్చెనకు మన కార్పొరేట్ క్యాంపస్‌ల మెట్లు మాత్రం దొరకలేదు. అక్కడ లిఫ్టులున్నాయి.

మధ్యప్రదేశ్‌లో అప్పటి హోశంగాబాద్ జిల్లాలో ఇంకా వింత. 1972లో 16 గ్రామీణ బడుల్లో ప్రయోగాలతోనే సైన్సు చెప్పడం మొదలుపెట్టారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చన్నారు. ఎందుకంటే జవాబు పుస్తకంలో దొరకదు, ఆలోచిస్తేనే దొరుకుతుంది. గైడ్లు అమ్మేవాడికి ఇంతకన్నా కీడు చేసిన ప్రశ్నపత్రం ఉండదు. ముప్పై ఏళ్లు నడిచింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. రాష్ట్రంలో అందరికీ ఒకే పుస్తకం, ఒకే పరీక్ష ఉండాలి కదా. ఎక్కడో కొన్ని ఊళ్ల పిల్లలు మాత్రం ఆలోచిస్తూ పోతే మిగతావాళ్ల గతేం కావాలి?

2020 జాతీయ విద్యావిధానం కూడా బట్టీ పోవాలంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు సంచీ లేకుండా బడికి రావాలంది. మిగతా రోజుల సంగతి సంచీయే చూసుకుంటుంది. విమర్శనాత్మక ఆలోచన అన్న మాట అందులో చాలాచోట్ల ఉంది. ఆ మాట మీద ఇప్పటికే బిట్లు తయారై ఉంటాయి. ఇప్పుడిక ఏఐ వచ్చింది. "నా సొంత మాటల్లో రాసిపెట్టు" అని పిల్లవాడు యంత్రాన్ని అడిగితే అది చక్కగా రాసిపెడుతోంది. పిల్లవాడు దాన్ని బట్టీ పడుతున్నాడు. గైడ్లవాళ్లకు నష్టమే గానీ, బట్టీకి ఢోకా లేదు.

అన్నట్టు, మొన్న మా అపార్ట్‌మెంట్ పిల్లవాడి స్కూల్లో పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తూ సైన్స్ మేడమ్ గొంతు తగ్గించింది.

"బాబుకి మార్కులు పర్లేదు సార్. కానీ క్లాసులో డిస్టర్బెన్స్ ఎక్కువైంది."

"కొడుతున్నాడా మేడమ్ ఎవరినైనా?"

"అదేం లేదు సార్. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అంటాడు. నిన్న భూతద్దం తెచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు, క్లాసంతా లేచి వెళ్లిపోయింది. నా పీరియడ్‌లో రెండు లెసన్లు వెనకబడ్డాయి."

తండ్రి తల దించుకున్నాడు. "సారీ మేడమ్. ఇంట్లో తీసేసుకుంటాను."